మనిషీ గుర్రమూ ఒకే కప్పు కింద

ఉత్తర జపాన్‌లోని ఇవాతే ప్రాంతంలో, కొండల నడుమ ఒదిగిన పాత కోట ఊరు తోనో. షిన్-హనమాకిలో బుల్లెట్ రైలు దిగి, కమాయిషి లైను రైలెక్కితే సుమారు గంట ప్రయాణం.

ఇక్కడి పాతకాలపు రైతు ఇళ్లను మగరియా అంటారు. ఒక రెక్కలో మనుషులు, మలుపు తిరిగిన రెండో రెక్కలో గుర్రాలు. పొయ్యి వేడి కొట్టం దాకా పాకి గుర్రాలకు చలి తగ్గించేది. దెన్షోఎన్ ప్రదర్శనశాలలో, ఫురుసతో గ్రామంలో ఇలాంటి ఇళ్ల లోపలికి వెళ్లి చూడొచ్చు.

స్థానికుడైన ససాకి కిజెన్ చెప్పిన ఇక్కడి జానపద కథలను పరిశోధకుడు యనగిత కునియో 1910లో 'తోనో మొనొగతారి'గా అచ్చు వేయించారు. వాటిలో కనిపించే నీటి భూతం కప్పాకు దోసకాయలంటే ప్రాణమట. జోకెన్‌జి ఆలయం వెనక వాగులో దోసకాయ ఎరతో గాలం వేసి సరదా తీర్చుకోవచ్చు.

చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి. చలికాలంలో మంచు పడుతుంది కాబట్టి వేసవిలోనో, కోతల వేళో వెళ్లి అద్దె సైకిల్ తీసుకోండి.