నా ఓటు కథ

(డిసెంబరు 17 పెన్షనర్ల దినం నాడు మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని, హక్కు అని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను "ఏదైనా అనుభవం చెప్పండి" అన్నారు. నేను నా ఓటు సంగతి చెబుతాను. పార్టీ పేరు మాత్రం చెప్పను. మన సంఘంలో అన్ని పార్టీలవారూ ఉన్నారు, సభ అయ్యాక అందరం కలిసి కాఫీ తాగాలి.

నేను పుట్టింది 1943లో. అప్పట్లో ఓటుహక్కు ఇరవై ఒకటో ఏటగాని రాదు కనుక నా మొదటి ఓటు 1967లో పడింది. అంతకు ముందే ఖజానా శాఖలో గుమాస్తాగా చేరాను. మా నాన్నగారు ఏ పార్టీకి వేస్తే నేనూ దానికే వేశాను. ఆలోచించి వేశానని చెబితే అబద్ధమవుతుంది. అయితే ఆ రోజుల్లో మా అభ్యర్థి మా అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్లిన మనిషి. నాన్నగారు పోయినప్పుడు శ్మశానం దాకా నడిచి వచ్చాడు. అటువంటి మనిషిని చూసి పార్టీని మనవాళ్లే అనుకున్నాం. మనిషి పోయాడు. అనుకోవడం మాత్రం ఉండిపోయింది.

ఉద్యోగంలో ఉండగా ఆఫీసులో ఒక్క మాట జారలేదు. ఎవరికి ఓటు వేశామో, వేయబోతున్నామో సూచనగానైనా చెప్పకూడదని మన ప్రవర్తనా నియమావళి. ఎన్నికల డ్యూటీలో పోలింగు పెట్టెలకు లక్కసీళ్లు వేసిన చేతులివి. కాని ఇంటికి వచ్చాక నియమావళి ఎక్కడుంది? గొంతు చించుకునేవాణ్ణి.

1989 నవంబరులో ఎన్నికలు. ఆ రోజుల్లోనే నాన్నగారి ఆబ్దికం వచ్చింది. మా తమ్ముడు అవతలి పార్టీ. వాళ్ల నాయకుడి వెంట జెండా పట్టుకుని తిరిగేవాడు. విస్తళ్లు వేశారు. నేను ఆ నాయకుణ్ణి దొంగ అన్నాను, మా తమ్ముడు మావాణ్ణి అంతకంటే పెద్ద మాట అన్నాడు. వడ్డన సగంలో ఉండగా వాడు లేచి వెళ్లిపోయాడు. మా అమ్మ గుమ్మం దాకా పరుగెత్తింది. వాడు వెనక్కి చూడలేదు, నేను పిలవలేదు. ఆ తర్వాత నాన్నగారి ఆబ్దికం రెండు ఇళ్లలో రెండుగా జరిగింది.

పదకొండేళ్లు మాటలు లేవు. 2000లో వాడికి జబ్బు చేసిందని తెలిసి ఆసుపత్రికి వెళ్లాను. చాలాసేపు మామిడిచెట్టు గురించి, అమ్మ గురించి మాట్లాడుకున్నాం. పార్టీ ఊసు ఇద్దరం ఎత్తలేదు. మరుసటి ఏడు నేను రిటైరయ్యాను. అదే ఏడు వాడు పోయాడు.

2004 ఎన్నికలకు ముందు ఒక ఉదయం మా వీధిలో మైకు వినిపిస్తే బయటికి వచ్చాను. మా పార్టీ జీపుమీద చేతులు జోడించి నిలబడింది ఎవరనుకున్నారు? నేను విస్తరి ముందు దొంగ అన్న ఆ నాయకుడే! వారం క్రితం మా పార్టీ కండువా కప్పుకున్నాడట, టిక్కెట్టూ ఇచ్చేశారు. మావాళ్లు దండలు వేస్తున్నారు. వాళ్లలో ఒకాయన నన్ను చూసి "మాస్టారూ, మీ తమ్ముడుగారి మనిషే, ఇక మనమంతా ఒకటే" అన్నాడు.

ఆయన హాస్యానికే అని ఉండవచ్చు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఎన్నికల్లోనూ అదే గుర్తుకు వేశాను. ముప్పై ఏడేళ్ల అలవాటు వేలికి ఉంటుంది కాబోలు. ఉద్యోగం చేసినవాళ్లం కదా, పాత ఫైలులో ఉన్న నోటునే మళ్లీ రాస్తాం. రిటైరయ్యాక మనం ఏటా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చినట్టు, పార్టీకి ఐదేళ్లకొకసారి ఆ పత్రమే ఇస్తూ వచ్చాను. వాళ్లకూ అంతకంటే అక్కరలేదు.

ఫిరాయింపులకు చట్టం లేదా అంటే ఉంది. 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చారు. మూడో వంతు మంది చీలితే తప్పులేదన్న వెసులుబాటును 2003లో తీసేశారు. మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనమైతే మాత్రం సభ్యత్వం పోదు. ఫిర్యాదుమీద తీర్పు చెప్పవలసింది స్పీకరు. ఇన్నాళ్లలో చెప్పాలని చట్టంలో గడువు లేదు, మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు అన్నది. ఇదంతా గెలిచాక దూకేవాళ్లకు. ఎన్నికల ముందు కండువా మార్చేవాణ్ణి ఆపడానికి ఏ షెడ్యూలూ లేదు, ఉండనూ కూడదేమో. అతన్ని ఆపవలసింది నాబోటివాళ్లం. మేం ఆపలేదు.

ఇంకొక ముచ్చట. మా రెండోవాడు 2006లో బడిపంతులుగా చేరాడు. 1-9-2004 తర్వాత చేరినవాళ్లకు మన పాత పెన్షను లేదు కదా. జీతంలో నూటికి పది కోసి నిధిలో వేస్తారు. ముప్పై ఏళ్లు ఇతరుల పెన్షను బిల్లులు పాసు చేసిన నేను, నా కొడుక్కి రాబోయేది ఎంతో లెక్కగట్టి చెప్పలేను. మా పార్టీ పెద్దమనిషి ఓట్లకు వచ్చినప్పుడు ఇదే అడిగాను. "మీ ఓటు ఎలాగూ మనదే కదండీ" అని నవ్వి పక్కింటికి వెళ్లాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతను చెప్పింది నిజం.

పార్టీ మారాలా అని ఆలోచించాను. అవతల ఉన్నదీ వీళ్లే. 2013 నుంచి యంత్రంలో "పైవారెవరూ కాదు" అనే మీట కూడా వచ్చింది గాని, దానికి ఎన్ని ఓట్లు పడినా ఫలితం మారదు. అందుకని 2024లో ఒక పని చేశాను. అభ్యర్థులు నామినేషనుతోపాటు తమ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు తెలిపే ప్రమాణపత్రం ఇవ్వాలి. సుప్రీంకోర్టు తీర్పులవల్ల వచ్చిన నియమం ఇది. మా మనవడు వాటిని కంప్యూటరులో తీసి అచ్చు వేసి ఇచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని, ట్రెజరీలో బిల్లులు చూసినట్టు, ఒక్కొక్క కాలమూ చూశాను. గుర్తు ఉన్న చోట కాగితం మడిచాను. రెండు సాయంత్రాలు పట్టింది. నా జీవితంలో అభ్యర్థిని చూసి వేసిన మొదటి ఓటు అదేనేమో.

పోలింగు రోజున మా మరదలు, అంటే తమ్ముడి భార్య, నేనూ ఒకే ఆటోలో వెళ్లాం. వాడు ఉన్నప్పుడు జరగని పని. తిరిగి వస్తుంటే సిరా పెట్టిన వేలు చూసుకుంటూ "బావగారూ, ఇంతకీ ఎవరికి వేశారు?" అని అడిగింది.

"చెప్పకూడదమ్మా, నియమావళి ఒప్పుకోదు" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆబ్దికం ఈసారి ఎవరింట్లో పెట్టుకుందామని అడిగాను.