ట్రాష్‌లో మొండికేసిన ఫైల్స్‌ని డిలీట్ చేయడం ఎలా?
మ్యాక్‌లో ట్రాష్ ఎంప్టీ చేస్తుంటే "ఫైల్ వాడుకలో ఉంది" అని వస్తోందా? ఆ ఫైల్ వాడుతున్న యాప్‌ని క్విట్ చేయండి. ఎర్ర బటన్ నొక్కితే చాలా యాప్స్‌లో విండో మాత్రమే మూసుకుంటుంది, యాప్ నడుస్తూనే ఉంటుంది. అప్పటికీ పోకపోతే రీస్టార్ట్ చేయండి. లాక్ అయిందంటే, ఆప్షన్ కీ పట్టుకుని ఎంప్టీ నొక్కండి.

టెర్మినల్ తెరిచి "సుడో ఆర్ఎం" కొట్టేయమని చాలామంది చెప్తారు. నేనైతే చెప్పను. ట్రాష్‌లో ఉన్నది వెనక్కి తెచ్చుకోవచ్చు. అక్కడ పోయింది ట్రాష్‌లోకి కూడా రాదు. ఒక్క స్పేస్ తప్పు పడితే మీ ఫొటోల ఫోల్డరే ఎగిరిపోవచ్చు, ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు రోజు అది అవసరమా!

అన్నట్టు, పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాక్కుని ఉంటాయి, అందుకే ఖాళీ పెరగదు. అది కనెక్ట్ చేసి ఉండగానే ట్రాష్ ఎంప్టీ చేయండి.