పల్లె గుడి, ఊరి జనం

తెలుగు గ్రామంలో చర్చి సాధారణంగా ఊరి నడిబొడ్డున ఉండదు. కోస్తాలోనూ తెలంగాణలోనూ అది ఎక్కువగా మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో, ఊరికి ఎడంగా కనిపిస్తుంది. గ్రామ చర్చి చుట్టుపక్కల జనాన్ని ఎలా చేరదీసిందో తెలియాలంటే ముందు ఈ చోటు సంగతి ఆలోచించాలి. ఇంగ్లండులో పారిష్ అంటే ఒక హద్దు. ఆ హద్దులో కాపురమున్నవారు ఆదివారం గుడికి వచ్చినా రాకపోయినా, అక్కడ పెళ్లి చేసుకునే హక్కు వారికి ఉంటుంది. ఆ ఏర్పాటునే మిషనరీలు ఇక్కడికి తెచ్చారు. కతోలికులు విచారణ అన్నారు, ఆంగ్లికన్లు పాస్టరేటు అన్నారు. అయితే ఊరంతటికీ ఒకే గుడి అన్న ఊహ మాత్రం ఇక్కడ కుదరలేదు. ఊరూ పల్లే వేరువేరుగా ఉన్నచోట గుడి ఏదో ఒక పక్కన నిలవక తప్పదు. అది పల్లెలో నిలిచింది. తరతరాలుగా ఊళ్లోవాళ్ల గడప బయటే నిలబడినవాళ్లు ఆ గుడి వల్ల మొదటిసారి నలుగురినీ పిలిచేవాళ్లయ్యారు. తెలుగునాట గ్రామ చర్చి చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే.

తొలి మిషనరీలు ఇది అనుకుని రాలేదు. 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్ ఆశంతా పై కులాల కుర్రవాళ్ల మీదే ఉండేది. బడి పెట్టింది కూడా వాళ్ల కోసమే. పల్లెల నుంచి వచ్చిన కదలిక వేరు. 1859లో రాఘవాపురం మాలపెద్ద పగోలు వెంకయ్య తానే వెతుక్కుంటూ వెళ్లి బెజవాడ మిషనరీ డార్లింగును కలుసుకున్నాడు, తర్వాత తనవాళ్లతో సహా క్రైస్తవుడయ్యాడు. ఒంగోలు దిక్కున 1866లో తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఒంగోలులో పై కులాలవారు అక్కడి మిషనరీ జాన్ క్లౌకు తెగేసి చెప్పారు. క్లౌ మాదిగలనే చేర్చుకున్నాడు. ఒకరికి తలుపు తీస్తే మరొకరు వెనుదిరిగిపోయే పరిస్థితి అది. అక్కడ అందరినీ మెప్పించే ఆహ్వానం సాధ్యం కాదు. ఆ ఎంపికే ఆ తర్వాతి తెలుగు క్రైస్తవ చరిత్రకు దారి వేసింది. 1876–78 కరువులో అదే క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇంతమందికి గుళ్లు ఎక్కడివి? మట్టిగోడల మీద తాటాకు కప్పిన పాకే గుడి. పగలు అదే బడి, పొద్దుగూకితే ప్రార్థన మందిరం. పిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులే రాత్రి ప్రార్థన నడిపే ఉపదేశి కూడా. అభిషేకం పొందిన పాస్టరు కింద ఎన్నో ఊళ్లు ఉండేవి. ఆయన ప్రభు భోజనపు బల్ల ఇవ్వడానికి, బాప్తిస్మాలకు వంతులవారీగా వచ్చి వెళ్లేవాడు. గంట కొనలేని సంఘాలు చెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడగట్టి ఇనుప కడ్డీతో కొట్టేవి. కూలిజనం పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాలుగు ముద్దలు తిన్నాకే ఆ చప్పుడు వినపడేది. గుడి వేళలు పనిపాటల వేళలకు లోబడి ఉండేవి. ఇంగ్లండు గుళ్లలోలాగా బెంచీలు లేవు, చాపలే. బెంచీకి ఒక మొదలూ చివరా ఉంటాయి, ఎవరిది ఏ వరుసో తేలిపోతుంది. చాప మీద ఎవరు వచ్చినా జరిగి చోటివ్వవచ్చు. చదువు రానివాళ్లకు పాటే వేదం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు దేశీ రాగాల్లో కట్టిన కీర్తనలను ఉపదేశి ఒక చరణం అందిస్తే జనం అందుకునేవారు. మిషన్లు వేరైనా పాటల పుస్తకం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, అందరిదీ అయింది.

ఈ పల్లె సంఘాలను పాస్టరేట్లుగా కూర్చి, తమ కాళ్ల మీద తాము నిలబడేలా చేసినవారిలో వేదనాయగం శామ్యూల్ అజరయ్యను ముందు చెప్పుకోవాలి. తిరునెల్వేలి ప్రాంతపు వెళ్లాలన్‌విళైలో 1874లో పుట్టిన ఆయన 1909లో దోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్‌నే నమ్ముకుని ఉన్నారు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌కు గుమ్మటాలు మసీదు తీరువి, స్తంభాలు దక్షిణాది కోవెల తీరువి. చుట్టుపక్కలవాళ్లకు అది పరాయి కట్టడంలా కనిపించకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది.

కట్టడం కంటే పిడికెడు బియ్యం ఆచారం మరింత లోతైనది. ఎసట్లో బియ్యం పోయబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంత తెచ్చి గుడిలో గంపలో కుమ్మరిస్తుంది. వారమంతా పోగైన బియ్యం ఉపదేశి జీతానికో సంఘం ఖర్చుకో పోతుంది. రోజుకూలి మీద బతికే ఇంట్లో పిడికెడు చిన్నదేమీ కాదు. కానీ ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగనివాళ్లని లోకం ముద్ర వేసినవారికి, ఇవ్వగలవాళ్లమన్న ధీమా ఆ గంప దగ్గరే కుదిరింది.

దానికి పెద్దరూపం కోత పండుగ. ధాన్యపు బస్తా, గుమ్మడికాయలు, అరటిగెల, కాళ్లు కట్టిన కోడిపుంజు అన్నీ బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన ముగిశాక ఆవరణలో వేలం. పాడుకున్నవాడు కోడిని తిరిగి గుడికే ఇస్తే అది మళ్లీ వేలానికి వస్తుంది. వేలంలో ఊళ్లోవాళ్లు పాడినా ఎవరూ కాదనరు. క్రిస్మస్‌కు పల్లె నుంచి ఊళ్లోకి కేకూ పండ్లూ వెళ్తాయి, పాటలవాళ్లు తిరుగుతారు. కేకు పుచ్చుకున్న ఇల్లే భోజనానికి పిలిస్తే ఏదో పని చెప్పి తప్పించుకోవడం చాలాచోట్ల ఉన్నదే. అంతస్తుల లెక్క అక్కడ ఇంకా తెగలేదు.

ఆ లెక్కను కాదని ఊళ్లోవాళ్లే పల్లెకు నడిచివచ్చిన ఘట్టం కూడా ఉంది. 1930ల నాటికి దోర్నకల్ ప్రాంతంలో శూద్ర కులాల కుటుంబాలు గణనీయంగా సంఘంలో చేరాయి. పల్లెజనం తాగుడు మానడం, బిడ్డల్ని బడికి పంపడం కళ్లారా చూసి వచ్చామని వారు చెప్పినట్లు 1933లో వెలువడిన మిషనరీ పికెట్ అధ్యయనం నమోదు చేసింది. వాళ్లు కూర్చున్నది మాల, మాదిగ క్రైస్తవుల చాపల మీదే.

ఇది అన్నిచోట్లా జరగలేదన్నది దాచకూడని నిజం. అనేక గ్రామాల్లో మాలల గుడి, మాదిగల గుడి విడివిడిగా ఉన్నాయి. రెండింటిలోనూ అవే కీర్తనలు, అదే బైబిలు. గుంటూరు ప్రాంతపు ఫిరంగిపురం వంటి పాత కతోలిక విచారణల్లో రెడ్డి, కమ్మ కుటుంబాలు పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఉన్నాయి. అలాంటి చోట్ల కులభేదం గుడి లోపలికే నడిచొచ్చింది. పల్లెలో గుడి ఉండడం వల్ల ఊళ్లోవాళ్లు దూరమయ్యారని బాధపడేవారు ఈ అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు పాస్టరేట్లు అందులో కలిశాయి. మూడేళ్లకు, 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ అది వర్తించింది గానీ క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారిది బీసీ-సి వర్గం. ఆ ఉత్తర్వు ప్రభావం పల్లె గుడి రిజిస్టరులో ఇప్పటికీ తెలుస్తుంది. చదువు, ఉద్యోగం, ఎన్నికల్లో రిజర్వుడు స్థానం పోతాయన్న భయంతో ఏళ్ల తరబడి ఆదివారం తప్పకుండా వస్తూ కూడా పేరు రాయించుకోనివారు ఉన్నారు. బాప్తిస్మం లేనివారికి బల్లలో పాలు లేదు. పాటకు, ప్రార్థనకు, పండుగ భోజనానికి మాత్రం అడ్డు లేదు. ఇది తెలిసిన పాస్టర్లు వాళ్ల ఇళ్లకూ వెళ్తారు, జబ్బు చేస్తే మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేస్తారు, పిల్లలను సండేస్కూలుకు పిలుచుకొస్తారు. రిజిస్టరు సంగతి ఎత్తరు.