కొలత మారిన కడుపు

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మీతో ఒక ఇంటి సంగతి మాట్లాడాలని ఉన్నాను. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకొని ఇంటికి వచ్చినవారు ఎలా తినాలి, ఎలా బ్రతకాలి, వారి చుట్టూ ఉన్న మనము ఎలా నడుచుకోవాలి? ఇదే నేటి మన అంశము.

"అది పట్నాల సంగతి గదా, మార్కాపురంలో, గిద్దలూరులో ఉన్న మనకెందుకు?" అని అనుకోవద్దు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం మన ఊళ్లలోనూ ఉన్నాయి. జొన్న సంగటి, సద్ద రొట్టె తిని దినమంతా చేలో వంగి పనిచేసిన తాతల కాలము పోయింది. మూడు పూటలా తెల్లన్నము, కూర్చొని చేసే పనులు వచ్చాయి. ఇలాంటి ఆపరేషన్ కోసం మనవారు హైదరాబాదుకో, విజయవాడకో, గుంటూరుకో వెళ్తారు. ఆపరేషన్ చేసిన డాక్టరు అక్కడే ఉంటాడు. మార్కాపురం రోడ్ స్టేషనులోనో, కంభంలోనో, గిద్దలూరులోనో రైలు దిగిన తరువాత ఆ మనిషిని చూసుకోవలసింది ఎవరు? ఇల్లు, బంధువులు, సంఘము.

ముందుగా ఒక మాట. లావుగా ఉండడం పాపము కాదు. తల్లిదండ్రుల నుండి వచ్చిన శరీరతత్వము, హార్మోనులు, వాడే మందులు, జీవన విధానము, ఇవన్నీ కలిసి బరువును పెంచుతాయి. ఆపరేషన్ చేయించుకోవడం విశ్వాసము లేకపోవడమూ కాదు, సిగ్గుపడవలసిన సంగతీ కాదు. నితిన్ గడ్కరీ గారు భారతీయ జనతా పార్టీ జాతీయ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు 2011లో చేయించుకున్నారు. అరుణ్ జైట్లీ గారు ఆర్థిక మంత్రిగా ఉండగా 2014లో చేయించుకున్నారు. దేశమంతటికీ తెలిసింది. వారు తమ పని తాము చేసుకున్నారు.

ఇంతకూ ఆ ఆపరేషన్‌లో ఏమి చేస్తారు? అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ అనే పద్ధతిని మొదలుపెట్టాడు. జీర్ణాశయము పైభాగములో ఒక చిన్న సంచిని మాత్రమే ఉంచి, దానిని చిన్న ప్రేగుకు కలుపుతారు. స్లీవ్ అనే మరొక పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువుగా కత్తిరించి, నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేస్తారు. అరటికాయలాంటి సన్నని గొట్టము మిగులుతుంది. ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలే వేయదు.

అయితే ప్రియులారా, మార్కాపురం పలక మీద రాసిన అక్షరాన్ని తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ముప్ఫై, నలభై ఏళ్ల తిండి అలవాటు అలా పోదు. డాక్టరు కడుపును కోయగలడు గాని అలవాటును కోయలేడు. అందుచేత ఇంట్లో నేర్చుకోవలసిన ఐదు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది, కొలత.

నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నా సంగతి మనకు తెలుసు. తలకు ఒక ఓమెరు చొప్పున కొలత ఉండేది. ఎక్కువ కూర్చుకున్నవానికి మిగలలేదు, తక్కువ కూర్చుకున్నవానికి తక్కువ కాలేదు. ఆపరేషన్ అయినవారికీ అలాంటి కొలతే ఉంది. మొదటి రెండు వారాలు సాధారణంగా ద్రవాలే ఇస్తారు: పప్పుకట్టు, వడకట్టిన చికెన్ సూపు, పాలు, పలుచని మజ్జిగ. తరువాత కొన్ని వారాలు మెత్తగా మెదిపినవి, ఆపైన ఇడ్లీ, గుడ్డు, ముల్లు తీసిన చేప. సుమారు ఆరు నుండి ఎనిమిది వారాలకు మామూలు భోజనానికి వస్తారు. ఆసుపత్రిని బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది. మీ డాక్టరు రాసి ఇచ్చిన కాగితమే మీకు ప్రమాణము.

ఇక్కడ ఒక సంగతి బాగా గమనించండి. పళ్లెములో చోటు తక్కువ కాబట్టి ఆ చోటును దేనితో నింపుతున్నామన్నదే ముఖ్యము. దినానికి 60 నుండి 80 గ్రాముల ప్రొటీను కావాలని డాక్టర్లు చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. గ్లాసెడు పాలలోనూ దాదాపు అంతే. వండిన కోడి మాంసము 100 గ్రాములు తింటే 25 గ్రాములకు తక్కువ రాదు. మాంసము తినని దినాల్లో మీల్ మేకరు ఉంది. ఎండుది 50 గ్రాములు నానబెట్టి వండుకుంటే 25 గ్రాములు వస్తాయి. మరి వండిన అన్నము 100 గ్రాముల్లో ఎంత? రెండు మూడు గ్రాములు మాత్రమే. మనమేమో అన్నము రాశిగా పోసి, మధ్యలో గుంట చేసి పప్పుచారు పోస్తాము. ఇప్పుడు ఆ వరుస తిరగబడాలి. ముందు గుడ్డు, చేప, కోడి, పప్పు. తరువాత కూరగాయలు. చివరన చోటు ఉంటే నాలుగు ముద్దల అన్నము. వరుస మారకపోతే బరువుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.

రెండవది, నిదానము.

ఏలీయా బదరీ చెట్టు క్రింద అలసి పడుకున్నప్పుడు దూత అతనికి రొట్టె, నీళ్లు పెట్టింది. అతడు తిని మరల పడుకున్నాడు. దూత రెండవసారి లేపి మరల పెట్టింది. ముందున్న ప్రయాణానికి కావలసిన బలము ఒక్క పూటలో రాలేదు. ఆపరేషన్ అయినవారి భోజనము కూడా అలాంటిదే. కొంచెము తినాలి, మరికొంత సేపటికి మరల కొంచెము తినాలి. ఒక్కొక్క ముద్దను ఇరవైసార్లకు పైగా నమలాలి. భోజనానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పట్టాలి. సంగటి ముద్దను పులుసులో ముంచి నమలకుండా మింగడం మన ప్రాంతపు అలవాటు. కొత్త కడుపుకు అది కుదరదు. ముద్దగా అంటుకునే అన్నము, పీచుగా ఉండే పొట్టేలు మాంసము అడ్డుపడతాయి. రొమ్ములో పట్టేసినట్లు ఉన్నా, ఎక్కిళ్లు వచ్చినా, ముక్కు కారినా, అది "ఇక చాలు" అని కడుపు చెప్పే మాట. దాని తరువాత తిన్న ముద్ద వాంతి అవుతుంది.

నీళ్ల సంగతి ఇంకా కష్టము. మన ఎండలు మీకు తెలుసు. పొలము నుండి వచ్చి చెంబెడు నీళ్లు గడగడ త్రాగడం ఇక కుదరదు. భోజనముతో పాటు నీళ్లు త్రాగకూడదు. తిన్న తరువాత అరగంట ఆగాలి. అయినా దినానికి లీటరున్నరకు తక్కువ కాకుండా లోపలికి వెళ్లాలి. దారి ఒక్కటే. సీసా చేతిలో ఉంచుకొని, గుక్క గుక్కగా దినమంతా త్రాగుతూ ఉండాలి. మన పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్ల బాధ పాతదే. ఆపరేషన్ తరువాత ఎముకలకు క్యాల్షియం తక్కువగా అందుతుంది కాబట్టి శుద్ధి చేసిన నీళ్లే వాడండి.

కూల్‌డ్రింకులు వద్దు. మిఠాయిలు, పాయసము, చక్కెర ఎక్కువ వేసిన టీ, ఇవి ముఖ్యంగా బైపాస్ అయినవారికి ప్రేగులోకి ఒక్కసారిగా దిగిపోతాయి. చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, కళ్లు తిరుగుతాయి, విరేచనము అవుతుంది. దీనిని డంపింగ్ అంటారు. పక్కనున్నవారు గుండెపోటు అనుకొని భయపడతారు. మరి జంతికలు, మిక్చరు? అవి నమిలితే పొడి అయిపోయి సులువుగా జారిపోతాయి. పోయిన బరువు తిరిగి వచ్చేది ఎక్కువగా ఈ చిరుతిండి దారినే.

మూడవది, మాత్రలు.

"బరువు తగ్గింది గదా, ఇక మాత్రలెందుకు?" అని రెండేళ్లకు మానివేసేవారు ఉన్నారు. మానవద్దు. విటమిన్లు, బి12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్, ఇవి జీవితాంతము అవసరము. ఐరన్‌కూ క్యాల్షియంకూ మధ్య రెండు గంటలు ఎడము ఉండాలి. ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. ఏటేటా రక్తపరీక్ష చేయించుకోవాలి. మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకోవద్దు. బైపాస్ అయిన కడుపులో అవి పుండ్లు చేస్తాయి. షుగరు, బీపీ మందులు మీ అంతట మీరు తగ్గించవద్దు, పాత మోతాదులోనే కొనసాగించనూ వద్దు. డాక్టరు చూసి మార్చాలి. మూడు నుండి ఆరు నెలల మధ్య జుట్టు ఊడుతుంది. ప్రొటీను, మాత్రలు సరిగా ఉంటే చాలామందికి తిరిగి వస్తుంది. పెళ్లయిన సహోదరీలారా, సంవత్సరము నుండి సంవత్సరమున్నర వరకు గర్భము రాకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. అత్తమామలారా, ఆ కాలములో కోడలిని తొందరపెట్టకండి.

ఇప్పుడు చెప్పేది ప్రాణముతో కూడిన సంగతి. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో జ్వరము, గుండె వేగము, విపరీతమైన కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. దినాల తరబడి వాంతులైతే బి1 విటమిన్ పడిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాట తడబడడం, మతి తప్పినట్లు ఉండడం దాని గుర్తులు. నీరసముగా ఉన్నాడని మన ఊళ్లలో వెంటనే గ్లూకోజు సెలైను పెట్టిస్తాము. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ఇంకా చేటు జరుగుతుంది. కాబట్టి ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా మొదటి మాటగా "బరువు తగ్గే ఆపరేషన్ అయింది" అని చెప్పండి. డిశ్చార్జి కాగితాలు బీరువా అడుగున పెట్టవద్దు. ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

నాలుగవది, ఉపవాసము.

మన సంఘాలలో శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు ఉన్నాయి, నలభై దినాల శ్రమకాలము ఉంది. ఉపవాసము మంచిది కాదని నేను చెప్పడం లేదు. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో మాత్రము అది తగదు. తరువాత కూడా డాక్టరును అడగకుండా పూనుకోవద్దు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసము మరీ ప్రమాదకరము. వారి కడుపు దినదినమూ తక్కువతోనే సరిపెట్టుకొంటున్నది. మీరు మజ్జిగ సీసా పక్కన పెట్టుకొని ప్రార్థనలో కూర్చోండి. ఎవరూ తప్పు పట్టకూడదు. యెషయా 58వ అధ్యాయము చదివి చూడండి. ఆకలిగొన్నవానికి ఆహారము పంచడము కూడా అక్కడ ఉపవాసముగా చెప్పబడింది. ఆ పూట భోజనము ఖర్చు ఒక విధవరాలి ఇంటికి బియ్యమై చేరితే అది చాలు.

ఐదవది, బల్ల.

ఇది ఆపరేషన్ అయినవారికి కాదు, మనకు. వడ్డించే చేతులకు. మన ప్రాంతములో కొసరి కొసరి వడ్డించడమే ప్రేమ. "ఏం తిన్నావమ్మా, పిచ్చుకంత! మా వంట నచ్చలేదా? ఇంకొక్క ముద్ద" అంటాము. ఆ మొహమాటానికి తిన్న ఒక్క ముద్ద ఆమెను పెరటిలో వాంతి చేసుకొనేలా చేస్తుంది. మరుసటి ఆదివారము ప్రేమ విందు ఉందంటే ఆమె గుడికే రాదు. ఇక్కడ మనము పోగొట్టుకొనేది ఒక పూట భోజనము కాదు, ఒక మనిషిని.

కాబట్టి క్రిస్మస్ విందులో గాని, పెళ్లిలో గాని, గృహప్రవేశ ప్రార్థనలో గాని వారికి ఒక చిన్న ప్లేటు ఇవ్వండి. వారినే వడ్డించుకోనివ్వండి. మిగిల్చితే చిన్నబుచ్చుకోకండి. "చిక్కి సగమయ్యావే", "మళ్లీ ఒళ్లు చేస్తున్నావే" అనే రెండు మాటలూ మానండి. కొందరికి రెండేళ్ల తరువాత కొంత బరువు తిరిగి వస్తుంది. అది నవ్వులాట కాదు, మరల డాక్టరును కలవవలసిన సమయము. ఆపరేషన్ సంగతి చెప్పుకోవడం, చెప్పుకోకపోవడం వారి ఇష్టము. వేదిక మీద సాక్ష్యముగా చెప్పమని బలవంతపెట్టవద్దు.

యాయీరు కుమార్తె లేచినప్పుడు, ఇంటివారందరూ ఆశ్చర్యములో మునిగి ఉండగా, ఆ చిన్నదానికి తినడానికి ఏదైనా పెట్టమని ప్రభువు జ్ఞాపకము చేశాడు. గొప్ప కార్యము జరిగిన తరువాత ఇంటివారికి ఒక చిన్న పని మిగిలింది. ఆపరేషన్ తరువాత మనకు మిగిలిన పని కూడా అదే. తగినది, తగినంత, తగిన వేళకు పెట్టాలి.

ప్రియులారా, ప్రభువు బల్ల దగ్గర మనకు దొరికేది ఎంత? చిన్న రొట్టెముక్క, చిన్న గిన్నెడు ద్రాక్షరసము. అక్కడ "ఇంతేనా?" అని ఎవరూ అడగరు. "ఇంకొంచెము" అని ఎవరూ బలవంతము చేయరు. కొంచెమే అయినా అందరమూ కలిసి తిన్నామన్న తృప్తితో లేస్తాము. మన ఇంటి బల్ల దగ్గర కూడా అలాగే కూర్చోవడం నేర్చుకొందాము.

మీ ఇంట్లో ఈ ఆపరేషన్ అయినవారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి భోజనము వేళ వారి ప్లేటు వంక చూడకుండా వారి పక్కన కూర్చోండి. వారి నిదానానికి మీరూ నిదానించండి. మరల వచ్చే ప్రసారములో కలుసుకొందాము. ప్రభువు మీ అన్నమును, మీ నీళ్లను దీవించును గాక. ఆమేన్.