ఇంటి గోడపై దేవుని కథ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో నేడు పూజగదులందు తఱచుగా కానవచ్చునవి అచ్చుపటములు. అద్దము వెనుక వేంకటేశ్వరుడు, లక్ష్మీదేవి; ఇంటింటను అదే ముఖము, అదే రంగు. ఆ పటములను మేము నిందింపము. పేదవాని గుడిసెకు సయితము దేవుని రూపమును చేర్చిన మేలు వానిది. కాని అంతకు పూర్వమే దేవుని వస్త్రముపై వ్రాసి కొలుచు సంప్రదాయమొకటి తెలుగునాట వెలసినది. అది నేటికిని జీవించియున్నది. మనకు ఆగ్నేయమున స్వర్ణముఖీ తీరముననున్న శ్రీకాళహస్తి దానికి నెలవు. దానినే కలంకారి యందురు.

ముందుగా నూలుబట్టను కరక్కాయయు గేదెపాలును కలిపిన నీటిలో తడిపి యెండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు రంగును చెదరనీయదు. చింతబొగ్గుతో ఆకారములను దిద్దుదురు. వెదురుపుల్ల కొనను చెక్కి, పైన ఉన్నియో గుడ్డయో చుట్టి దారముతో బిగించినచో కలము సిద్ధమగును. చుట్టను వ్రేళ్లతో నొక్కిన కొలది రంగు కొనకు దిగును. బెల్లమును తుప్పుపట్టిన యినుమును నీటిలో చాల దినములు నానబెట్టగా వచ్చిన ద్రవము కరక్కాయ పట్టిన బట్టపై నల్లని రేఖయగును. పటికనీరు పూసిన చోట, మంజిష్ఠవంటి వాటితో ఉడికించినపుడు, ఎఱుపు నిలుచును. పసుపు కరకపువ్వునుండియు, నీలము నీలిమందునుండియు లభించును.

నీలిమందుతో మన జిల్లాకు పాత చుట్టరికము కలదు. 19వ శతాబ్దమున మద్రాసు రాజధానిలో నీలి పండించిన ముఖ్య జిల్లాలలో కడప యొకటి. 1897లో జర్మనీ దేశపు కృత్రిమ నీలి బజారునకు వచ్చిన పిమ్మట ఆ పంట అడుగంటెను.

పెద్ద వస్త్రములలో నడుమ ప్రధాన దేవతను నిలిపి, చుట్టును వరుసలు వరుసలుగా కథను నడుపుదురు. ఘట్టముల వెంట తెలుగు లిపిలో వివరణ వ్రాయుదురు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో 19వ శతాబ్దపు వస్త్రములు ఇట్టివి కలవు. కనుక ఇది చూచు చిత్రము మాత్రమే కాదు, చదువుకొను గ్రంథము. అవ్వ కథ చెప్పుచుండగా మనుమరాలు వ్రేలితో వరుస వెంట పోవచ్చును.

గత శతాబ్దము నడుమ ఈ విద్య దాదాపు అంతరించు స్థితికి వచ్చెను. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1950 దశకము చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రము వెలసెను. అచట జొన్నలగడ్డ లక్ష్మయ్య శిష్యులను తీర్చిదిద్దిరి. వారి కుమారులు గురప్పసెట్టికి 2008లో పద్మశ్రీ లభించెను.

విద్య నిలిచినది గాని కథకు ముప్పు తప్పలేదు. చీరలకును దుప్పట్లకును గిరాకి హెచ్చు. కథావస్త్రమును కోరువారు తక్కువ. దినమెల్ల చీర అంచుకు నెమళ్లను వ్రాయు చేయి క్రమముగా రామాయణపు వరుసను మఱచును. పెడనలో కొయ్య అచ్చులతో అద్దు కలంకారి వేఱొక శాఖ. దానికి దాని గౌరవము కలదు. కాని యంత్రముపై ముద్రించిన బట్టను గూడ అదే పేరిట అమ్ముచున్నారు. గుర్తు పట్టుట కష్టము కాదు. కలపు రేఖ ఒకచోట లావుగను ఒకచోట సన్నముగను సాగును. ఏ రెండు ముఖములును సరిగా నొకటి కావు. యంత్రముద్రలో అదే రూపము అదే కొలతతో మరల మరల వచ్చును.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో మగ్గము నేటికిని ఆడుచున్నది. చేతిపనికి కొనువారు కఱవైననేమగునో ఆ యిండ్లవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గృహప్రవేశమునకో, పెండ్లికో, ప్రొద్దుటూరు దసరాకో కానుక కొనునపుడు మూరెడు వస్త్రమైనను చిత్రకారునిచేత వ్రాయించుడు. రంగనాథుని కొలుచు పులివెందులవారు గజేంద్రమోక్షమును కోరవచ్చును. కథ పేరు చెప్పి, క్రింద తెలుగు వివరణయు వ్రాయుమని అడుగుడు. తెచ్చిన వస్త్రమును ఎండ తగులని గోడకు వ్రేలాడదీసి, ఉతకవలసినచో చన్నీట ముంచి నీడలో ఆరబెట్టుడు. పిల్లలకు ఆ కథ చెప్పు పని మాత్రము ఇంటి పెద్దలదే.