గేరుపెట్టెకు రంగు వేయవచ్చునా?

మోటారుకారు గలవారు ఇంజనును గూర్చి పడు తాపత్రయములో నాలుగవ వంతైనను గేరుపెట్టెను గూర్చి పడరు. అది బండి అడుగున, కంటికి కానరాక, తన పని తాను చేసికొనుచుండును. పండ్లచక్రములు ఒరయుటవలనను, నూనెను చిలుకుటవలనను అందు వేడి పుట్టును. ఆ వేడి బయటికి పోనిచో నూనె పలుచబడి, పండ్ల నడుమ నిలువవలసిన పొర చెడి, చక్రములు అరిగిపోవును.

కనుకనే రంగు వేయుదమనగానే, పెట్టెకు దుప్పటి కప్పినట్లగునేమోనని సందేహము కలుగును. దీనిని లెక్కతో తీర్చుకొందము. పూత మందము 0.05 మిల్లీమీటరు అనుకొందము. చదరపు మీటరుకు 1000 వాట్ల వేడి దానిగుండా పోవుచున్నను, పూతకు లోపల వెలుపల గల తేడా సుమారు పావు డిగ్రీ మాత్రమే. ఇంత పలుచని పొర వేడిని ఆపజాలదు.

పైగా కొంత మేలును కలదు. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ లెస్లీ ఘనాకారపు పాత్రలో వేడినీరు పోసి, ఒక ముఖమునకు మసి పూసి, మరియొకదానిని మెరయు లోహముగానే యుంచి పరీక్షించెను. నీరొక్కటే అయినను మసిముఖము వేడిని మిక్కుటముగా వెదజల్లెను; మెరుపుముఖము బహు స్వల్పముగా వెదజల్లెను. ఈ పరిశోధనలను ఆయన 1804లో ప్రకటించెను.

మన పెట్టె 90 డిగ్రీలును, పరిసరములు 40 డిగ్రీలును ఉన్నవనుకొందము. మెరయు అల్యూమినియము కిరణరూపమున చదరపు మీటరుకు సుమారు 44 వాట్లు విడుచును. రంగు పూసినచో సుమారు 400 వాట్లు విడుచును. నలుపే కానక్కరలేదు, ఈ విషయమున తెలుపును ఎరుపును ఇంచుమించు దానితో సమానమే. అల్యూమినియము పొడి కలిపిన వెండిరంగు మాత్రము వెనుకబడును.

అయితే అత్యాశ వలదు. బండి పరుగెత్తునపుడు వేడిలో పెద్ద భాగమును గాలియే కొనిపోవును. తుప్పు పట్టిన ఇనుపపెట్టె వేడిని ముందే బాగుగా వెదజల్లుచుండును. దానికి రంగు తుప్పునుండి రక్షణ మాత్రమే. ఎగ్జాస్టు గొట్టము చేరువలో నున్నచో, రంగు పూసిన పెట్టె ఆ వేడిని గూడ ఎక్కువగా గ్రహించును. నడుమ మెరయు రేకు నమర్చుట మంచిది.

రంగు వేయువారు ముందుగా జిడ్డును కడుగవలెను. పెట్టె గాలి పీల్చు రంధ్రమును పూడ్చరాదు. పూతపై పూత పేర్చరాదు. రంగును చూచి జంకు మనము, ఏండ్ల తరబడి పేరుకొనిన జిడ్డుబురదను చూచి జంకము. సెంటీమీటరు బురద ఆ పూతకు 200 రెట్లు మందము. గేరుపెట్టెకు నిజమైన దుప్పటి అదియే. దానిని గీకివేయుటకు ఖర్చును లేదు.