బావికి కొత్త ఇంజను



కోరుట్ల ప్రాంతంలో మా మేనమామగారికి కొంత పొలమూ, అందులో ఒక పాత బావీ ఉన్నవి. తాతగారి కాలంలో ఆ బావి మీద మోట నడిచేది. మోట పోయి ఆయిల్ ఇంజను వచ్చినది. అది పోయి అయిదు అశ్వశక్తుల కరెంటు మోటారు వచ్చినది. కొన్ని ఏండ్ల క్రిందట మాఘమాసంలో, యాసంగి వరి పొట్టకు వస్తున్న సమయాన, ఆ మోటారు కాలిపోయినది. అప్పుడు మామయ్య నన్ను పిలిచి, “అల్లుడా, సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. అయిదుదే కొనాల్నా, ఏడున్నరది తేవాల్నా?” అని అడిగారు. నేను పట్టభద్రుడనే గాని, చదివినది సాహిత్యం. తెలియదని చెప్పడానికి అభిమానం అడ్డు వచ్చినది. “పెద్దదే మేలు, మామయ్యా” అన్నాను.

పెద్ద మోటారూ, దానితోపాటు పెద్ద పంపూ వచ్చినవి. మొదటినాడు ధార చూచి అందరమూ సంతోషించాము. కాని అంతకుముందు ఉదయం నాలుగు గంటలు పారే బావి రెండు గంటలకే అడుగంటినది. మూడవనాడు దగ్గర మనిషి లేని వేళ పంపు నీరు లేకుండానే తిరిగి చెడిపోయినది. అది బాగయి వచ్చేలోగా చివరి మడి ఎండినది. ఆ అర ఎకరం పంట నేను తొందరపడి అన్న మాటకు మామయ్య చెల్లించిన వెల. ఆ తరువాత తెలిసినవారిని అడిగి నేర్చుకున్న సంగతులే నేడు మీకు మనవి చేస్తాను.

మొదట కొలువవలసినది బావిని. ఇంజను నీటిని పైకి తెస్తుందే గాని పుట్టించదు. నీరు తోడి ఆపిన తరువాత గంటసేపటిలో మట్టం ఎంత పెరిగినదో చూడవలెను. మామయ్య బావి గుండ్రనిది. వ్యాసం 6 మీటర్లు. గంటకు 60 సెంటీమీటర్లు ఊరినది. అనగా గంటకు సుమారు 17,000 లీటర్లు. సెకనుకు అయిదు లీటర్లకు లోపే.

రెండవది ఎత్తు. నీటిమట్టం నుంచి కాలువలో పడేచోటికి 12 మీటర్లు. గొట్టంలో రాపిడికి మరి 3 మీటర్లు కలిపితే 15. సెకనుకు తోడే లీటర్లను ఈ ఎత్తుతో హెచ్చించి 75 చేత భాగిస్తే, కావలసిన అశ్వశక్తి వస్తుంది. సెకనుకు 10 లీటర్లు తోడడానికి అది 2. పంపు సామర్థ్యం నూటికి 50 వంతులే అనుకున్నా 4 చాలును. అంటే పాత మోటారే ఊటకు రెట్టింపు నీటిని తోడుతూ ఉండినది! చాలనిది ఊట, మేము మార్చినది మోటారు.

మూడవది వేగం. ఆయిల్ ఇంజను తీసి మోటారు పెట్టేవారు, బెల్టు చక్రాల కొలతలు సరిచూచి, పంపు తిరిగే వేగం మారకుండా చూచుకొనవలెను. అదే పంపును నూటికి 10 వంతులు వేగంగా త్రిప్పితే నీరు సుమారు 10 వంతులే పెరుగుతుంది. శక్తి మాత్రం 33 వంతులు అధికంగా కావలసివస్తుంది.

ఈ చిక్కు మన రైతులకే కాదు. నీటిమీద విన్యాసాలు చేసే జెట్ స్కీ అనే వాహనం ఉన్నది. 1970ల తొలినాళ్లలో జపానుకు చెందిన కవాసాకి సంస్థ దానిని అమ్మకానికి తెచ్చినది. దానిని ముందుకు నెట్టేది కూడ ఒక పంపే. నీటిని పీల్చి వెనుకకు చిమ్ముతుంది. ఆ క్రీడాకారులు పెద్ద ఇంజను అమర్చినప్పుడు లోపలి ఇంపెల్లరును కూడ దానికి తగినట్లు మార్చుకొంటారు. లేకపోతే ఇంజను వట్టి హోరు పెడుతుందే గాని, పెరిగిన బలం పరుగుగా మారదు.

నాలుగవది గొట్టం. వ్యాసం సగమైతే, అంతే నీటికి రాపిడి వలన నష్టం దాదాపు 32 రెట్లవుతుంది. పాత సన్నని గొట్టానికి పెద్ద పంపు తగిలించడం వృథా ప్రయాస.

మరొక సంగతి. తెలంగాణలో సేద్యానికి విద్యుత్తు ఉచితం గనుక, పెద్ద మోటారుకు బిల్లు రాదు గదా అనిపించవచ్చును. కాని ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద ఎన్నో బావులు ఆధారపడి ఉంటవి. అనుమతించిన దానికంటె అధిక భారం పడి అది కాలితే, మన పొలంతోపాటు ఇరుగుపొరుగువారి పొలాలూ ఎండుతవి.

మామయ్య ఆ పెద్ద మోటారును అమ్మి, తిరిగి అయిదుదే పెట్టించారు. ఉదయం కొంతసేపు, ఊట చేరిన తరువాత సాయంకాలం కొంతసేపు నడుపుతారు. మరుసటి యాసంగిలో చివరి మడిని వరికి బదులు ఆరుతడి పంటకు విడిచారు.

మీ మోటారు మార్చవలసి వస్తే, దుకాణానికి వెళ్లకముందు ఒక తాడూ, ఒక గడియారమూ తీసికొని బావి దగ్గరకు వెళ్లండి. ఒక గంట అక్కడ కూర్చుని ఊటను కొలిచి, ఆ అంకె కాగితం మీద వ్రాసికొని, దానిని దుకాణదారుకు చూపండి.